మంచుకి ఆరు మూలలు

ఒకప్పుడు మంచుకి ఆకారం అంటూ ఉండేది కాదు. దూదిపింజల్లా ఎలా పడితే అలా రాలి, కుప్పపడి, బద్ధకంగా పడుకునేది.

జపాన్‌లో ఒక కొండపల్లె. అక్కడ అందరూ కిమోనోలకు నారబట్ట నేసేవాళ్ళు. నేసిన బట్టను చలువ చెయ్యడానికి మంచు మీద పరిచేవాళ్ళు, బొమ్మవైపు పైకి ఉండేలా. ఎండా మంచూ కలిసి బట్టలోని తెలుపును తళతళలాడించేవి.

ఆ పల్లెలో కినుయో అనే పిల్ల ఉండేది. చెయ్యి మహా చురుకు, నోరు అంతకంటే చురుకు. అందరూ పువ్వులూ కొంగలూ నేస్తుంటే, ఈవిడగారు ఒక్క వంపైనా లేకుండా అన్నీ తిన్నటి నీలి గీతలే నేసింది. గీతలు కలిసిన చోటల్లా ఆరు మూలల నక్షత్రం!

నేతగాళ్ళ పెద్ద గెంజో తాత అది చూసి ముక్కు మీద వేలేసుకున్నాడు.

"ఇది బట్టా, దొడ్డికి కట్టే తడికా? చలువ అయ్యాక ఊరందరికీ చూపిస్తా. ఒక్కరైనా బాగుందనకపోతే నువ్వు మగ్గం దిగాలి, తెలిసిందా?"

"నేను దిగను తాతా!" అందే గానీ కినుయో గుండెలో రాయి పడింది. మగ్గమే ఆ పిల్లకి ప్రాణం. ముందే ఎవరూ చూసి నవ్వకుండా బట్టను బోర్లా పరిచింది. ఆ ఊళ్ళో అంతవరకు ఎవరూ చెయ్యని పని అది.

"ఓహో!" అంది కింద నుంచి మంచు. "ఇన్నేళ్ళూ మీ బట్టల వీపులే చూశాను పిల్లా. మొహం చూడ్డం ఇదే మొదలు. ఎంత బాగుందే! ఈ నమూనా నాకిస్తావా?"

కినుయో ఉప్పొంగిపోయింది. బెట్టు మాత్రం వదల్లేదు.

"ఇస్తా. కానీ ఆరు మూలలు తప్పకూడదు. లోపలి అల్లిక ప్రతిసారీ మార్చాలి. ఒకటే మళ్ళీ మళ్ళీ నేస్తే మా నేతగాళ్ళకు నామోషీ!"

"అలాగే గురువుగారూ!" అని నవ్వింది మంచు.

ఊరంతా చేరిన రోజు గెంజో తాత బట్టను ఎత్తి చూపించాడు. ఒక్కరూ బాగుందనలేదు. కినుయోకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అంతలో మంచు మొదలైంది. తాత నల్ల కిమోనో మీద ఒక రేకు వాలింది. ఆయన కళ్ళు చిట్లించి చూశాడు. ఆరు మూలలు! పక్కనే ఇంకొకటి. దానికీ ఆరే, లోపలి అల్లిక మాత్రం వేరు. జనం ఎవరి చేతులు వాళ్ళు చూసుకుని కేకలు పెట్టారు.

"ఇవన్నీ నీ గీతలే కదే!" అన్నాడు తాత. "నా కిమోనోకి కూడా ఈ బట్టే నెయ్యి తల్లీ."

"వరసలో రండి తాతా!" అంది కినుయో, తల ఎత్తుకుని.

అప్పటినుంచే ప్రతి మంచురేకుకీ ఆరు మూలలు. ఏ రెండూ అచ్చం ఒకలా ఉండవు. తొలి మంచు పడగానే ఆ పల్లెవాళ్ళు ఇప్పటికీ అరచెయ్యి చాచి, "చూశారా, మా పిల్ల నేత!" అంటారు.