పైడమ్మ నడుము చుట్టిన కావిపాము

అనగనగా, ఎర్రమన్నుకి పేరుపడ్డ ఒక ఊళ్ళో పైడమ్మ అని ఒక కుమ్మరావిడ ఉండేది. కుండలు చేసేది, మూకుళ్ళు చేసేది. కానీ చుట్టుపక్కల ఊళ్ళలో ఆవిడ పేరు మోగింది మాత్రం సర్పి గీతకే.

సర్పి అంటే తెలీదూ? ఒంటికి ఒక పక్క నిప్పుల్లాంటి పొక్కులు బారుగా లేస్తాయి, పాము పాకినట్టు. ఆ పాము నడుము చుట్టూ తిరిగి తల వెళ్ళి తోకని తాకిందా, ఇక మనిషి దక్కడని అందరికీ హడల్. ఇలా దగ్గరికి జరుగు, నేనున్నాగా.

అప్పుడు పైడమ్మ ఏం చేసేదంటే, కావిమన్ను మెత్తగా నూరి, కోడి ఈకతో పొక్కుల మీదుగా ఎర్రటి పాముని గీసేది. బొడ్డు దాకా తెచ్చి ఆపేసి, పాము నోటికి అడ్డంగా ఒక్క గీత కొట్టేది. "ఇంక దాటదు, పో" అనేది. ఆ గీత దాటిన సర్పి లేదు. ముప్పై ఏళ్ళు అలాగే గడిచాయి.

ఒకరోజు పొద్దున్నే కుండలు తిప్పే సారె ముందు కూర్చుందో లేదో, ఎడమ డొక్కలో చురుక్కుమంది. చూసుకుంటే ఏముంది, వీపు నుంచి ముందుకి పొక్కులే పొక్కులు. ఓలమ్మో, సర్పి!

ఇళ్ళు తిరిగే నర్సమ్మ ఆరోజే వచ్చింది. "చిన్నప్పుడు నీకు ఆటలమ్మ పోసిందా పైడమ్మా?" అనడిగింది.

"పోసింది. ఏడేళ్ళప్పుడు."

"అది పోలేదమ్మా. ఇన్నేళ్ళూ నీ వెన్నులోనే పడుకుంది. ఇప్పుడు లేచింది. మూడు రోజుల్లోపు మాత్రలు మొదలెడితే మేలు. పద, ఆస్పత్రికెళ్దాం."

పైడమ్మకి ఒళ్ళు గగుర్పొడిచింది. ఇన్నేళ్ళు తన వెన్నులో ఒకటి పడుకుని ఉందా? తను నవ్వినా, ఏడ్చినా వింటూనా? కానీ పైకి ఒకటే బింకం. "ఊరందరి పాముల్నీ ఆపినదాన్ని, నా పాముకి మాత్రలా?" అని నర్సమ్మని పంపేసింది.

అయితే ఎవరి ఒంటి మీద వాళ్ళు గీసుకోకూడదు, అది వాళ్ళ ఆచారం. అందుకని కొత్త కోడలు సింహాచలాన్ని పిలిచి ఈక చేతికిచ్చింది. "వెన్ను మీద తోక పెట్టి గియ్యవే" అని నొప్పికి కళ్ళు మూసుకుని మగతలోకి జారుకుంది. ఎక్కడ ఆపాలో మాత్రం చెప్పలేదు. ముప్పై ఏళ్ళు ఎవరికీ నేర్పని విద్య కదా, నోరు రాలేదు.

పాపం సింహాచలం కుండల ఇంట్లో పుట్టిన పిల్ల. కుండ మెడకి కావి పట్టీ వేస్తే రెండు కొసలూ కలవాలి, కలవకపోతే సంతలో ఎవరూ ముట్టుకోరు. ఆ అలవాటు చేతికి తెలుసు. గీస్తూ గీస్తూ బొడ్డు దాటేసింది, కుడి డొక్కా దాటేసింది, వెనక్కి తిరిగి తల తీసుకెళ్ళి తోకకి చక్కగా కలిపేసింది!

పైడమ్మ కళ్ళు తెరిచి చూసుకుని కొయ్యబారిపోయింది. తుడుద్దామంటే, గీసిన పాముకి మూడు రోజుల దాకా చెయ్యి తగలకూడదు, అదీ ఆచారమే. "అత్తా, నిన్ను చేజేతులా చంపుకున్నానే!" అని సింహాచలం నెత్తి బాదుకుంది.

మొదటిరోజు సాయంత్రానికి పాము బిగిసింది. ఊపిరి వదిలినప్పుడల్లా ఇంకాస్త బిగిసింది. పైడమ్మ గంజి కూడా తాగలేకపోయింది.

రెండో రోజు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. అప్పుడు వెన్నులోంచి సన్నగా ఒక గొంతు వినిపించింది. "అమ్మా, మంటగా ఉందే, వేపాకు విసురు" అంటోంది. ఎవరిదా గొంతు? పైడమ్మదే! ఏడేళ్ళ పైడమ్మది. పైడమ్మ చెవులు మూసుకుంది. లోపలి గొంతుకి చెవులతో ఏం పని? "అమ్మా, లేచాను" అంది ఆ పిల్ల.

ఆ తర్వాత మూడో రోజు తెల్లారింది. ఈరోజుతో తన పని సరి అనుకుని, పైడమ్మ పెరట్లో ఎండకి పెట్టిన కుండల మధ్య కూర్చుంది, చావు కోసం. ఎండెక్కింది. టిక్కుమని ఎక్కడో పగిలిన చప్పుడు. పచ్చి కుండేమో అని చూసింది. కుండలన్నీ బాగానే ఉన్నాయి. మళ్ళీ టిక్. కుడి డొక్క మీంచి ఒక పెచ్చు రాలి ఒళ్ళో పడింది.

మన్ను ఎండితే బిగుస్తుంది, బిగుస్తే పగులుతుంది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న సంగతే! బిగించింది పాము కాదు, మన్ను. పైడమ్మ కుడిపక్కంతా తడుముకుంది. ఒక్క పొక్కు లేదు. అడ్డగీత లేకపోయినా సర్పి బొడ్డు దాటలేదు.

"సింహాచలం!" అని కేకేసింది. కోడలు పరిగెత్తుకొచ్చింది. "నీ గీత నన్ను చంపలేదే. మరి నా గీత ఎవర్ని బతికించినట్టు?" అని భోరుమంది.

అప్పుడు కోడలు కళ్ళు తుడిచి, "ఈ పూటతో మూడు రోజులు అత్తా, లే" అని చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి నడిపించింది.

డాక్టరమ్మ మన్నంతా నెమ్మదిగా కడిగించింది. మాత్రలిచ్చింది. "సర్పి మామూలుగా ఒక పక్కనే ఉంటుంది, నువ్వు గీసినా గియ్యకపోయినా. పొక్కులు గిల్లకు, ఏమీ పుయ్యకు. చన్నీళ్ళ గుడ్డ వేసుకో, వదులు నూలుబట్ట కట్టుకో. పొక్కులు ఎండేదాకా పసివాళ్ళనీ, కడుపుతో ఉన్నవాళ్ళనీ దగ్గరికి రానీకు" అంది. పొక్కులు ఎండాయి. నొప్పి మాత్రం రెండు నెలలు పీకుతూనే ఉంది. కోడలే కనిపెట్టుకుంది.

ఆ నొప్పి ఇంకా తగ్గకముందే ఒకరోజు పొరుగూరి నుంచి ఒకాయన వచ్చాడు. నుదుటి మీద, కంటి పక్కన పొక్కులు. "గీత వెయ్యి తల్లీ, నీ చెయ్యి పడితే చాలు" అని అరుగు మీద కూలబడ్డాడు.

పైడమ్మ చూరులో చెక్కిన కోడి ఈక వంక చూసింది. ముప్పై ఏళ్ళ పేరు మరి! "నా గీతలో ఏమీ లేదు నాయనా" అంది. "కంటి దగ్గరకొచ్చింది, ఆలస్యం చెయ్యకూడదు. లే, నేనే తీసుకెళ్తాను." ఆయన కాదన్నా వినకుండా, తన డొక్క పట్టుకుని, ఆయన ముందు నడిచింది.

కావిమన్ను పగిలిపోయె,
కాక కాస్త చల్లగాయె,
వెన్నులోని పిల్లదేమో
వేపగాలికి నిద్దరోయె.
కథేమో కంచి దారి పట్టె,
మనకేమో దుప్పట్లో కునుకు పట్టె.