తాబేలు మామ చొక్కా అరువిచ్చిన పెళ్లి

ఒకప్పుడు పాములూ తాబేళ్లూ కూడా మనలాగే బట్టలు తొడుక్కునేవి. నేసేది సాలీడు అవ్వ. చిరిగితే కుట్టిపెట్టేది కుట్టుపిట్ట.

జెర్రిపోతు పాముకు సోకులెక్కువ. అమావాస్య అమావాస్యకీ కొత్త చొక్కా కావాల్సిందే. చిన్న చిరుగు కనిపిస్తే చాలు, విప్పి కంపమీద పారేసేవాడు.

“అవ్వా, ఇంకోటి నెయ్యి!”

“నా ఎనిమిది చేతులూ పడిపోతున్నాయిరా నాయనా!” అని అవ్వ మొత్తుకునేది. చివరికి విసుగొచ్చి, నాలుగు పోగులు వెయ్యాల్సిన చోట ఒక్కటే వేసి నేసిచ్చింది. ఉల్లిపొరలా ఉందది. అయినా తళతళా మెరుస్తోంది కదా, కాళ్లు లేకపోయినా ఎగిరి గంతేశాడు జెర్రిపోతు.

తాబేలు మామకు మాత్రం ఒకటే చొక్కా. ఆరు నెలలు కాచుక్కూర్చుని జంటపోగులతో నేయించుకున్నాడు. చిరిగినప్పుడల్లా కుట్టుపిట్ట చేత మాసిక వేయించుకునేవాడు. అప్పటికి పన్నెండు మాసికలు.

“మామా, నీది చొక్కానా, బొంతా?” అని వెక్కిరించాడు జెర్రిపోతు.

“పగలు చొక్కా, రాత్రి బొంత. నీకేం నొప్పి?” అన్నాడు తాబేలు.

ఇంతలో జెర్రిపోతుకు పెళ్లి కుదిరింది. పెళ్లికూతురిది వాగు అవతలి పొలం. కొత్త చొక్కా తొడుక్కుని ఊరేగింపుగా బయల్దేరాడు. ముందు కప్పలు డప్పులు కొడుతున్నాయి, కాస్త దూరం నుంచే లెండి.

దారిలో ఒక రేగుముల్లు చొక్కా మెడపట్టీని పట్టుకుంది. పెళ్లికొడుకు అదేమీ పట్టించుకోకుండా దర్జాగా తలెత్తుకుని సాగిపోయాడు. చొక్కా మెడ నుంచి తోక దాకా తిరగబడి ఊడిపోయి ముల్లుకే వేలాడింది. డప్పులు ఆగిపోయాయి. తన అందానికి అందరూ నోళ్లు తెరిచారనుకున్నాడు పాపం. ఒంటికి గాలి తగిలాక గానీ సంగతి తెలియలేదు.

ఒక్క ఉరుకున పుట్టలో దూరాడు. “ముహూర్తం ముంచుకొస్తోంది! నా పెళ్లి ఆగిపోతుంది! కుట్టుపిట్టను పిలవండర్రా!” అని ఏడుపు లంకించుకున్నాడు.

కుట్టుపిట్ట వచ్చింది. సూది దించితే చొక్కా పర్రున చిరిగింది. ఇంకోచోట దించితే అక్కడా చిరిగింది.

“కుట్టు నిలవడానికి ఇందులో బట్టేదిరా నాయనా?” అంది.

అప్పుడే తాబేలు మామ అక్కడికి చేరాడు. పెళ్లి బూరెల మీద మనసుపడి మూడు రోజుల ముందే ఇంట్లోంచి బయల్దేరాడు మరి. పుట్టలోంచి ఏడుపు వినేసరికి ఆయన మనసు కరిగిపోయింది.

“ఊరుకోరా అల్లుడూ. ఇది తొడుక్కుని వెళ్లు,” అని చొక్కా విప్పి ఇచ్చేసి, తను వాగులో మెడలోతు నీళ్లలో కూర్చున్నాడు.

జెర్రిపోతు చుట్ట చుట్టుకుని, ఆ చొక్కాలోంచి తల ఒక్కటే బయటపెట్టి పీటమీద కూర్చున్నాడు.

“నాన్నా! పామని చెప్పి తాబేలును తెచ్చారేమిటి?” అని గగ్గోలు పెట్టింది పెళ్లికూతురు. పెళ్లికొడుకు నాలుక చాపి చూపించాక గానీ తాళి కట్టనివ్వలేదు.

పెళ్లయిన సంబరంలో జెర్రిపోతు ఒళ్లు విరుచుకున్నాడు. మామ చొక్కా వీపున చిరిగింది. కుట్టుపిట్ట పదమూడో మాసిక వేసింది. బూరెలు అయిపోయాయి. వాగులో కూర్చున్న మామ సంగతి సాయంత్రం దాకా ఎవరికీ గుర్తు రాలేదు.

మర్నాడు జెర్రిపోతు బుద్ధిగా అవ్వ దగ్గరికెళ్లి, “నాకూ గట్టి చొక్కా నేసిపెట్టు,” అన్నాడు.

“ఆరు నెలలు ఆగాలి,” అంది అవ్వ.

“అమ్మో! అయితే పాత రకమే ఇచ్చెయ్!”

అప్పటినుంచే పాము తన కుబుసాన్ని కంపకు వదిలేసిపోతుంది, కొత్తది వచ్చేదాకా పుట్టలో దాక్కుంటుంది. తాబేలు వీపుమీద పదమూడు మాసికలు ఉన్నదీ అప్పటినుంచే. కావాలంటే చుట్టూ ఉన్న అంచుపట్టీ వదిలేసి లెక్కపెట్టండి. కానీ మెల్లగా వెళ్లండి. కాస్త చప్పుడైతే చాలు, మళ్లీ ఎవరో చొక్కా అరువడగడానికి వచ్చారని తలా కాళ్లూ లోపలికి లాగేసుకుంటుంది.