రాజుగారి తోటలో దారేది?

అనగా అనగా కుసుమపురమని ఒక రాజ్యం, దానికి మణిధరుడని ఒక రాజు. మంచివాడే! కానీ మొక్క కనబడితే ఆగలేడు. పొరుగురాజు ఇంటికి విందుకు వెళ్లినా అంగవస్త్రంలో ఒక కొమ్మ దాచుకుని రావలసిందే. తెచ్చింది ఎక్కడ నాటేవాడంటారా? మట్టి ఎక్కడ కనబడితే అక్కడే! గులాబీ పక్కన జిల్లేడు, జిల్లేడు నెత్తిన కాకరపాదు. దాన్ని తోట అనడానికి నాకైతే నోరు రాదు.

ఇంతలో రాకుమార్తె హేమలేఖకు పెళ్లి కుదిరింది. తోట నడుమ, ఆకాశం కింద తాళి కట్టించడం ఆ వంశాచారం.

"తోట నడుమ కాస్త చోటు, అక్కడికి ఒక దారి ఖాళీ చేయించండి. మీకు పుణ్యం ఉంటుంది" అంది రాణి మదాలస.

"అలాగే దేవీ" అన్నాడు రాజు. మర్నాడే నాగమల్లి తెచ్చి తోట నడుమ నాటాడు. "ఇది ఒక్కటే దేవీ!"

రాణి మళ్లీ చెప్పింది. రాజు మొగలి తెచ్చి దారి పక్కన పెట్టాడు. "ఇది ఒక్కటే!"

రాణి దండం పెట్టి మరీ చెప్పింది. రాజు రాధామనోహరం తీగ తెచ్చి తోట ద్వారానికి పాకించాడు.

"మీ ఒక్కటేలు విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి!" అని రాణి తల పట్టుకుంది.

పెళ్లిరోజు వచ్చింది. వరుడి పల్లకి ద్వారంలోనే తీగలో చిక్కుకుంది. వరుడి మేనత్త పట్టుచీరను మొగలిముళ్లు పట్టుకుని వదలవు.

"పెళ్లికి పిలిచారా, అడవిలో తిప్పడానికి పిలిచారా?" అని ఆవిడ మండిపడింది. "ముహూర్తం దాటితే మేము వెనక్కి వెళ్లిపోతాం!"

రాణి కొంగు బిగించి గునపం అందుకుంది.

"అయ్యో, అది తవ్వకు!" అన్నాడు రాజు.

"పోనీ ఇది?"

"అయ్యయ్యో, అది అసలే వద్దు!"

"అయితే మీ కూతురి పెళ్లి వద్దా?" అని రాణి గునపం ఆయన కాళ్ల దగ్గర పడేసింది.

రాజు కూతురి వైపు చూశాడు. ఆ పిల్ల కళ్లనిండా నీళ్లు. గునపం తీసి, ఎన్నో ఏళ్ల కిందట ముచ్చటపడి తెచ్చిన సంపెంగను తవ్వాడు. పిడికెడు వేరుతో అది ఇట్టే చేతిలోకి వచ్చేసింది. ఇన్నేళ్లలో అది ఒక్క పువ్వూ పూయలేదని ఆయనకు అప్పుడు తెలిసింది.

"దీనికి ఊపిరాడనివ్వలేదు నాన్నగారూ" అంది హేమలేఖ.

"ప్రేమ అనుకున్నానమ్మా" అన్నాడు రాజు.

ఇక మగపెళ్లివారు కూడా నడుం బిగించారు. ఏ జాతి మొక్కల్ని ఆ జాతి పక్కన, బాటకు రెండు వైపులా వరుసగా నాటారు. నడుమ చోటు వదిలారు. ముహూర్తానికి తాళి కట్టించారు.

ఆ తర్వాత రాజు మొక్కలు తేవడం మానాడా? ఎక్కడ మానతాడు, ఆ పిచ్చి పోయేదా! కానీ ముందు తోటంతా తిరిగి చోటు చూసుకునేవాడు. చోటు లేకపోతే ఆ మొక్కను చోటున్న ఇంటికి పంపేవాడు.

ముచ్చటపడి తెచ్చుకుంటే చాలదు పిల్లలూ, తెచ్చినదానికి బతికే చోటు కూడా ఇవ్వాలి.