ఉస్తాద్ తిరిగివ్వని కాగితాలు

తను రాసిచ్చిన కాగితాలన్నీ ఏమైపోతున్నాయో జుబేదాకి అంతుచిక్కలేదు.

దస్తగిరి ఉస్తాద్ దగ్గరికి కర్నూలు జనం రెండు పనుల మీద వచ్చేవాళ్లు. మనసు బాగాలేక, లేదంటే రేడియో బాగాలేక. ఇంజనీరింగ్ చదువుతున్న జుబేదా మాత్రం రేడియోల పని నేర్చుకోవడానికి వచ్చింది. ఆయన ఒక్కటే షరతు పెట్టాడు.

"ఇక్కడ ఏం చేసినా, ఎట్లా చేశావో రాసివ్వాల. నీ మొహం చూడనివాడు కూడా అది చదివి చేసుకోవాల."

ఆమె రాసిచ్చేది. ఆయన మడిచి జేబులో పెట్టుకుని వెనక గదిలోకి పోయి గడియ వేసుకునేవాడు. ఒక్క కాగితమూ తిరిగొచ్చేది కాదు.

ఇంతలో కాలేజీ పక్కన ప్రెస్సాయన ఆమె రాతలు పుస్తకంగా వేస్తానన్నాడు. తన పేరుతో మొదటి పుస్తకం! పరుగున వచ్చి కాగితాలు అడిగింది.

"ఇంకా కాలేదు బేటీ," అన్నాడు ఉస్తాద్.

ఏం కాలేదు? ఆ మధ్యాహ్నమే ఆమె ఆ వెనక గది కిటికీ సందులోంచి తొంగి చూసింది. ఉస్తాద్ కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, ఆమె కాగితం ముందు పెట్టుకుని, ఒక్కో వరుసా వేలితో తడుముతున్నాడు.

'కాపీ కొడుతున్నాడు ముసలాయన!'

ఆయన బయటికి రాగానే మీద పడింది. "నా రాతలు మీ పేరుతో ఎక్కడ అచ్చేయిస్తున్నారు ఉస్తాద్?"

ఆయన నొచ్చుకోలేదు. పక్కకి జరిగి దారిచ్చాడు. "పోయి చూసుకో."

గది నిండా అరలు. అరల నిండా రేడియోలు, ఆంప్లిఫయర్లు. ఒక్కోదాని కింద ఆమె కాగితం ఒకటి. ఒకదాని స్విచ్ నొక్కింది. ఉలుకూ పలుకూ లేదు. ఇంకోటి గుర్రుమంది. మూడోదాని దగ్గర కాలిన కంపు.

"ఏంటివి?"

"నువ్వు రాసినవే. రాసింది రాసినట్టు చేశా."

మూడోది విప్పి చూసి మండిపడింది. "డయోడ్ తిరగేసి పెట్టారు! కెపాసిటర్ ఉబ్బి చచ్చింది. ఎవరైనా ఇలా పెడతారా?"

"ఎటు పెట్టాలని రాశావు?"

కాగితం లాగి చూసింది. 'డయోడ్‌ని ఎప్పట్లాగే పెట్టాలి.'

"అదెవరికైనా తెలుస్తుంది కదా ఉస్తాద్!"

"తెలిసినోళ్లకేనా నీ పుస్తకం?"

ఆమె విసురుగా పెన్ను తీసి ఆ మాట కొట్టేసింది. 'డయోడ్ మీద గీత ఉన్న వైపు కెపాసిటర్ ప్లస్‌కి కలపాలి' అని రాసింది. "చాలా?"

"ఎందుకట్లా?"

డిబేట్లలో ఎదుటివాణ్ణి ఊపిరి తీసుకోనివ్వని పిల్ల. ఠక్కున 'ఎందుకంటే' అని రాసింది.

పెన్ను అక్కడే ఆగింది. ఇన్నాళ్లూ ఒక్క డయోడ్ కూడా తప్పు పెట్టలేదు ఆమె చెయ్యి. ఎందుకలా అని ఆ చేతిని మాత్రం ఎప్పుడూ అడగలేదు.

ఉస్తాద్ స్టూలు ఆమె వైపు జరిపాడు.

"కూర్చో బేటీ. టీ పెట్టుకొస్తా. తొందరేం లేదు."