రెండువేల ఐదువందల ఇరవై ఒకటో పెంకు

బట్టీ దించి పెంకులు పంచేటప్పుడు లెక్కను పాటగా పాడే అలవాటు ఒకప్పుడు ఉండేది. ఇప్పుడు లేదు.

ఏరు ఇంకా ఊరికి తూర్పున పారుతున్న కాలంలో, పెంకులు కాల్చే ఊళ్ళో నూకాలు అనే మనిషి ఉండేది. మట్టి తొక్కేవాళ్ళకు నీళ్ళు మోసేది. మోసినందుకు గంజి పోసేవారు. పెంకుల్లో వాటా మాత్రం పెంకులు పోసే అచ్చులున్న ఇళ్ళకే. ఆమె భర్త గవరయ్య దగ్గుతో మంచం పట్టాడు. వాళ్ళ గుడిసెకు కప్పు సగమే ఉంది.

అప్పట్లో బట్టీకి రెండువేల ఐదువందల పెంకులు. కలిసి కాల్చుకునే ఇళ్ళు మాత్రం ఒక్కో బట్టీకి ఒక్కో లెక్క. ఆరిళ్ళవాళ్ళు పంచుకుంటే నాలుగు మిగిలేవి. ఏడిళ్ళవాళ్ళు పంచుకుంటే ఒకటి. తొమ్మిదిళ్ళవాళ్ళు పంచుకుంటే ఏడు. మిగిలినవాటి కోసం జుట్లు పట్టుకునేవారు. చివరికి విసిగి, "నూకాలు పట్టుకుపోనీ" అనేవారు. ఆమె కప్పు అలా తగవు తగవుకూ కొంచెం పెరిగింది.

ఊరిపెద్ద పైడయ్య ఆ తగవులు తీర్చి తీర్చి అలసిపోయాడు. గులకరాళ్ళు పేర్చి, చెరిపి, మళ్ళీ పేర్చి, ఒక సంఖ్యను పట్టుకున్నాడు.

"ఇంకో ఇరవై కాల్చండర్రా. రెండువేల ఐదువందల ఇరవై. ఇద్దరు పంచుకున్నా, పదిమంది పంచుకున్నా, మధ్యలో ఎందరైనా, శేషం ఉండదు. ఇంతకన్నా చిన్న సంఖ్య దేనికీ ఆ గుణం లేదు."

నిజమే. ఆరిళ్ళవాళ్ళు పంచుకున్నారు.

"మిగిలిందా, బాబూ?" అంది నూకాలు.

"ఏమీ మిగల్లేదమ్మా."

ఏడిళ్ళవాళ్ళు పంచుకున్నారు.

"మిగిలిందా, బాబూ?"

"ఏమీ మిగల్లేదమ్మా."

తొమ్మిదిళ్ళవాళ్ళు పంచుకున్నారు.

"మిగిలిందా, బాబూ?"

"పొద్దస్తమానం అదే గోలేటే? తగవే లేదు, నీకేటి మిగులుద్ది?" అని ఒకడు నవ్వాడు. పైడయ్య నవ్వలేదు.

వానలు వచ్చాయి. గవరయ్య పోయాడు.

తరువాతి బట్టీలో పైడయ్య తన చేత్తో ఇంకొక్క పెంకు పెట్టాడు. ఎందరు పంచుకున్నా ఒకటి మిగిలింది. దాన్ని నూకాలుకు అందించాడు.

"ఇప్పుడు నాకెందుకు, బాబూ?" అందామె. "తడిసేవోళ్ళు ఎవరో ఉంటారు. ఆళ్ళకియ్యండి. మానకండి."

కొన్నాళ్ళకు నూకాలు కూడా పోయింది. ఊరు మానలేదు. ఇప్పటికీ అక్కడ బట్టీకి రెండువేల ఐదువందల ఇరవై ఒక్క పెంకులే. మిగిలినదాన్ని నూకాలు పెంకు అంటారు. అది కప్పు లేని ఇంటికి వెళుతుంది. దాన్ని ఎత్తేటప్పుడు పెద్దలు ఆ ఆలుమగల చివరి సాయంత్రం గురించి చెబుతారు.

చినుకులు మొదలయ్యాయట. నూకాలు మంచం కాళ్ళవైపు పట్టుకుంది. గవరయ్య మెల్లగా దిగి, తలవైపు పట్టుకున్నాడు.

"నువ్వు లెగకు, మావా."

"లెగకపోతే ఎలాగే? నన్ను కూడా మోస్తావేటి, కడవలాగ?"

ఇద్దరూ కలిసి మంచాన్ని కప్పు ఉన్న వైపుకు జరిపారు.