ఐదు గులకరాళ్లు, నాలుగు కుంకుడు గింజలు

రాళ్లవాగు ఒడ్డున, చుట్టూ ముళ్లకంప దడి కట్టుకుని, తమ పాట్లు తాము పడే జంతువుల దొడ్డి ఒకటుండేది. దానికి పెద్ద ఒక నల్లగేదె. అందరూ ఆమెను పెద్దమ్మా అనేవాళ్లు. ఆమె చేతి కింద మేకలు, గొర్రెలు, కోళ్లు, ఒక గాడిద. గాడిద పేరు మూటయ్య. ఎవరికీ పట్టని పని ఏదైనా తిరిగి తిరిగి వాడి వీపు మీదికే వచ్చేది గనక ఆ పేరు వాడికి బాగా నప్పింది.

కాపలా కుక్క కర్రోడు మాఘమాసంలో చచ్చిపోయాడు. కొత్తవాడు దొరికేదాకా కాస్త చూసుకో నాయనా అంది పెద్దమ్మ. ఆ కాస్త నాలుగు నెలలైంది. పగలంతా వాగు నుంచి నీళ్ల కుండలు మోయడం, రాత్రంతా దడి దగ్గర కాపలా కాయడం. నడుస్తూ కునికేవాడు, నిలబడి కునికేవాడు. వాడు కునికినప్పుడల్లా ఒక కోడిపిల్ల మాయమయ్యేది. తెల్లారితే కోళ్లన్నీ వాడి మీద పడేవి. నిద్రా లేదు, పైగా నింద. అది చాలదన్నట్టు, తొలకరి పడేలోపు కొత్తవాడు దొరక్కపోతే ఆ పని ఇక మూటయ్యకే ఖాయం చేస్తామని పెద్దమ్మ తేల్చి చెప్పింది. ఆ రోజు మూటయ్య మేత ముట్టలేదు.

ఇక కాపలావాణ్ణి ఎంచే పని ఎవరికిచ్చారనుకున్నారు? నక్కకి! దొంగ అడుగులు దొంగకే తెలుస్తాయని పెద్దమ్మ ఆలోచన. పైగా నక్క కోడిమాంసం మానేసి ఈతపళ్ల మీద బతుకుతున్నానని నలుగురిలో చెప్పుకు తిరుగుతున్నాడాయె. ఒట్టు కూడా పెట్టాడు. అందరూ బావా బావా అంటూ నెత్తిన పెట్టుకున్నారు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని పెద్దలు ఊరికే అన్నారా!

పని కావాలని వచ్చినవాళ్లు వస్తూనే ఉన్నారు, పోతూనే ఉన్నారు. ప్రతి అమావాస్యకీ దొడ్డంతా కూర్చునేది. నక్క తోక సర్దుకుని, "ఏం చెయ్యమంటావు పెద్దమ్మా, తగినవాడు దొరకడం లేదు. కొందరు పనికిరారు, కొందరు వాళ్లంతట వాళ్లే పోయారు" అనేవాడు. అందరూ తలలూపి లేచిపోయేవాళ్లు. ఎవరు పనికిరాలేదు, ఎందుకు పనికిరాలేదు, పోయినవాడు ఎందుకు పోయాడు? అడిగిన పాపాన పోయినవాడు లేడు. అడిగితే ఇంకో పని నెత్తిన పడుతుందని అందరికీ తెలుసు.

చివరికి అడగాల్సివచ్చింది మూటయ్యకే. నిద్రలేని బుర్రలో ఏదీ నిలవదు గనక వాడొక పద్ధతి పెట్టుకున్నాడు. నక్క వద్దన్నవాడికి ఒక గులకరాయి, తనంతట తాను పోయినవాడికి ఒక కుంకుడు గింజ, తన తొట్టి పక్కన పెట్టేవాడు. ఎండలు ముదిరేసరికి ఐదు గులకరాళ్లు, నాలుగు కుంకుడు గింజలు అయ్యాయి.

ముందు ఐదుగురి సంగతి నక్కనే అడిగాడు. నక్క తడుముకోకుండా చెప్పాడు. కుమ్మరివీధి కుక్కకి గొంతు పెద్దది, ఆ అరుపులకి మేకలు పాలు చేపవు. ముంగిసకి అసలు గొంతే లేదు. ఒకడు మరీ ముసలివాడు. ఒకడు మరీ పిల్లవాడు. బాతుకి నడకే సరిగా రాదు.

మూటయ్య బుర్ర గోక్కున్నాడు. గట్టిగా అరిచినా తప్పే, అరవకపోయినా తప్పే. ముసలివాడైనా తప్పే, పిల్లవాడైనా తప్పే. ఏ వయసువాడు, ఏ గొంతువాడు కావాలిట ఈయనకి?

సరే, వాళ్లనే అడుగుదామని బయల్దేరాడు. నీళ్లకు పోయినప్పుడల్లా ఖాళీ కుండలతో ఒక మైలు చుట్టు తిరిగేవాడు. కాళ్లు మొరాయించేవి. ఎందుకొచ్చిన గోలరా అని తనను తానే తిట్టుకునేవాడు. అయినా ఐదుగురినీ పట్టుకున్నాడు. ఐదుగురూ ఒకటే చెప్పారు. పరీక్షలో నక్క వాళ్లను కళ్లు మూసుకోమన్నాడట. చుట్టూ ఒకసారి తిరిగి, ఇక్కడ ఏం వాసన వస్తోందో చెప్పమన్నాడట. నక్క వాసన అని అందరూ ఉన్నమాట చెప్పారట. అంతే, పనికిరావు పొమ్మన్నాడట.

మూటయ్యకి విషయం తెలిసిపోయింది. నక్కను పసిగట్టలేని ముక్కు దొరికేదాకా ఈ వెతుకులాట సాగుతుంది. కోడిపిల్లలు ఎక్కడికి పోతున్నాయో కూడా తెలిసిపోయింది.

అక్కడితో ఆగినా వాడికి చాలు. కానీ నాలుగు కుంకుడు గింజలు మిగిలాయి. ఈ నలుగురినీ కూడా నక్కే బెదిరించి ఉంటాడనుకుని, వాగు అవతలి రెల్లుపొదల్లో ఉండే చెవితెగిన కుక్క దగ్గరికి వెళ్లాడు. దాని పేరు పోలి. మంచి ముక్కు, మంచి గొంతు, పని కావలసినది. ఎందుకమ్మా, పరీక్షకైనా నిలబడకుండా పోయావు, నక్క ఏమన్నాడు అని అడిగాడు.

పోలి ఉన్నదున్నట్టు చెప్పింది. "నక్కను నేను చూడనే లేదన్నా. దడి దగ్గర నిన్ను చూశాను. పనెలా ఉంటుందన్నా అని అడిగాను."

"నేనేమన్నాను?"

"పని సంగతేమీ చెప్పలేదు. పెద్దగా నిట్టూర్చావు. వచ్చావా తల్లీ, నీ నుదుట కూడా ఇదే రాశాడా దేవుడు అన్నావు. ఇంక ఎవరుంటారన్నా?"

మిగతా ముగ్గురూ అదే మాట. ఒకడికి మూటయ్య తన వీపు మీది పుళ్లు చూపించాడట. ఇంకొకడికి కర్రోడు ఎలా చచ్చాడో మొదటి నుంచి చివరిదాకా చెప్పాడట. మూటయ్యకి ఒక్కటీ గుర్తులేదు. నాలుగు నెలలుగా తోడు రావాలని ఎదురుచూసినవాడు, వచ్చిన నలుగురిని తానే వెనక్కి పంపాడు. దారిలో కుండలు దింపుకుని వాగు ఒడ్డున కూలబడ్డాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు. తర్వాత లేచి, మళ్లీ పోలి దగ్గరికి వెళ్లి, ఇంకొక్కసారి వచ్చి పరీక్షకు నిలబడమని బతిమాలాడు. ఈసారి నిట్టూర్చనని మాట కూడా ఇచ్చాడు.

అమావాస్య నాటి సాయంత్రం, పొద్దుండగానే దొడ్డంతా కూర్చుంది. నక్క ఎప్పటి పాటే అందుకోబోయాడు. మూటయ్య లేచాడు. వాడు సభలో లేవడం అదే మొదలు.

"పెద్దమ్మా, తొమ్మండుగురు వచ్చారు. నలుగుర్ని పోగొట్టింది నేను. నా ఏడుపు విని పారిపోయారు. తప్పు నాదే."

కోళ్లు గొల్లుమన్నాయి. నక్క మొహం పాలిపోయింది. అవసరానికి గాడిద మీద వాడుకుందామని దాచుకున్న మాట కాస్తా వాడే ముందుగా అనేశాడు మరి.

"మిగతా ఐదుగురి సంగతి బావ చెప్పాలి. నేను చెప్పడమెందుకు, పోయినవాళ్లలో పోలి తిరిగొచ్చింది, అందరి ముందూ పరీక్ష పెట్టమనండి."

పెద్దమ్మకి అందులో తప్పేమీ కనపడలేదు. తప్పించుకోను దారి లేక నక్క లేచాడు. పోలి కళ్లు మూసుకుంది. నక్క చుట్టూ తిరిగి ఏం వాసన అన్నాడు.

"నక్క వాసన. మూతి దగ్గర కోడిపిల్ల వాసన కూడా."

నాలుగు నెలల అలవాటు నోటిని ఆగనిస్తుందా? నక్క ఆలోచించకుండానే, "తప్పు. పనికిరాదు పో" అనేశాడు.

పెద్దమ్మ నెమ్మదిగా లేచి, నక్క మూతి దగ్గర ముక్కు పెట్టి, గట్టిగా వాసన చూసింది. "నాకూ అదే వాసన వస్తోంది నాయనా. అయితే నేనూ పనికిరానా?" అంది.

నక్క ఈతపళ్ల సంగతి ఏదో ఎత్తుకోబోయాడు. వినేవాళ్లెవరు? పిల్లలను పోగొట్టుకున్న పొట్టికోడి ముందు దూకింది, వెనకాల మేకలు కొమ్ములు వంచాయి. దడి సందులో తోక చిక్కుకుంటే సగం వెంట్రుకలు అక్కడే వదిలేసి నక్క వాగు దాటాడు.

పోలికి ఆ పూటే కాపలా అప్పగించారు. అది దడి చుట్టూ ఒక తిరుగుడు తిరిగివచ్చి, ఈ పని నిజంగా అంత కష్టమా అన్నా అని అడిగింది. మూటయ్య నోటిదాకా వచ్చిన నిట్టూర్పు మింగేశాడు.

"కష్టమేనమ్మా. ఒక్కడే చేస్తే" అన్నాడు, ఆ మాట నోట్లో ఉండగానే నిద్రపోయాడు.

పోయినవాణ్ణి ఎందుకు పోయావని అడిగేవాడు, జవాబులో తన పేరు వినడానికి కూడా సిద్ధపడాలి.