నిద్ర కోసం బయల్దేరిన మంచం

ఒక నులక మంచానికి నిద్ర లేదు.

రాత్రిళ్ళు దాని మీద సున్నాలు వేసే మనిషి పడుకునేవాడు. ఊళ్ళో గోడలకి వెల్ల వేసి, ఒళ్ళంతా తెల్లటి చుక్కలతో వచ్చి దబ్బున వాలేవాడు. వాలిన క్షణం నుంచీ గురకే. ఆ గురకకి మంచం పట్టెలు అదిరేవి. మధ్యలో పదిసార్లు ఇటు నుంచి అటు దొర్లితే, పదిసార్లూ మంచం కిర్రుమని మూలిగేది. తెల్లారగానే దాన్ని ఎత్తి గోడకి నిలబెట్టేవాడు. రాత్రంతా మోసినదానికి పగలంతా నిలబడే శిక్ష ఎందుకో ఎవరూ అడగలేదు. నడుం కాస్త కిందికి జారిందంటే, పట్టెకి కాలు తన్నిపెట్టి మరీ నులక బిగించేవాడు. పద్దెనిమిదేళ్ళు ఇలాగే గడిచాయి.

మనిషి మంచివాడే, కాదనకూడదు. మంచాన్ని ఏనాడూ వానలో వదిలేయలేదు.

ఒకరోజు ఆయన పనికి వెళ్ళాక, గోడకి నిలబడ్డ మంచానికి ఒక సంగతి తట్టింది. తనకి నాలుగు కాళ్ళున్నాయి. వీధిలో రెండు కాళ్ళవాళ్ళే ఎక్కడెక్కడికో పోతున్నారు. మెల్లగా గోడ దిగింది. గుమ్మంలో అడ్డంగా ఇరుక్కుంది. పక్కకి తిరిగి, నాలుగు మూలలా గీసుకుపోయి, ఎలాగో బయటపడింది.

దాని కోరిక పెద్దదేం కాదు. మీద ఎవరూ లేకుండా, ఆకాశం కింద, ఒక్క రాత్రి కంటినిండా నిద్రపోవాలి. మంచానికి కళ్ళెక్కడివని అడిగేవాళ్ళు ఈ కథ ఇక్కడే ఆపేసి వేరే పని చూసుకోవచ్చు.

పొలిమేర దాటాక ఒక ఈతచాప కలిసింది. అంచులు చిరిగి, నడిమధ్యన టీ మరకతో ఉంది. రైలు ప్లాట్‌ఫారాల మీద, సంతల్లో, తిరునాళ్ళలో, పడవల రేవుల్లో పడుకుని పడుకుని ఆరితేరిన ఘటం.

"ఎక్కడికి అల్లుడూ?" అంది చాప, అడక్కుండానే చుట్టరికం కలిపేస్తూ.

"దేశం మీదికి, చాపత్తా. చేతిలో పైసా లేదు. నిద్రపోవడానికి పోతున్నా."

"మంచం నిద్రపోవడం నేనెక్కడా చూళ్ళేదు. అయినా రా. పైసా లేకుండా ఆరుబయట పడుకోవడం ఒక విద్య. నాకు కాస్త వచ్చు."

చాప దొర్లుతూ, మంచం టకటకా అడుగులేస్తూ బయల్దేరాయి. దారంతా చాప నోరు మూస్తే ఒట్టు.

"వెలుగుండగానే చోటు చూసుకోవాలి. చీకట్లో ముళ్ళకంప కూడా పట్టుపరుపులాగే కనిపిస్తుంది. ఎండిన వాగుంటుందే, ఇసక మెత్తగా ఉందని దాంట్లో పడుకోకు. పైన ఎక్కడో వాన పడితే నువ్వు సముద్రంలో నిద్ర లేస్తావు. కొబ్బరిచెట్టు కింద అసలే వద్దు. నేల మీద నాలుగు బియ్యపు గింజలు చల్లి చూడు. చీమలొచ్చాయా, మూట సర్దుకో. ఏదీ తోచకపోతే ఊరకుక్క ఎక్కడ పడుకుందో చూసి దాని పక్కన పడుకో. గాలి కొట్టని చోటు దానికి తెలిసినట్టు మనకి తెలీదు. ఇంకా, ఎవరైనా కనిపిస్తే అడిగి పడుకో. పొద్దున్నే ఊడ్చేవాళ్ళు రాకముందే లే. నన్ను రెండుసార్లు చెత్తతో కలిపి తీసుకుపోయారు."

మంచం అన్నిటికీ బుద్ధిగా ఊకొట్టింది.

మొదటిరోజు చాప ఎంచిన చోటు నిజంగానే బాగుంది. ఎత్తునేల, గాలికి అడ్డంగా గడ్డివామి, పక్కనే ఒక ఎర్రకుక్క. మంచానికి కళ్ళు మూతపడుతుండగా రోడ్డు మీద లారీ ఆగింది. డ్రైవరు దిగి చూసి, "దేవుడున్నాడ్రా!" అని ఎక్కి పడుకున్నాడు. ఆ దేవుడి మీద నమ్మకంతో క్లీనరు కూడా ఎక్కాడు.

రెండోరోజు సంత మైదానంలో పడుకుంటే ముందు రెండు మేకలు ఎక్కాయి. మేకల్ని వెతుక్కుంటూ వాటి యజమాని వచ్చి, కాసేపు కూర్చుందామని కూర్చుని, వాలిపోయాడు. యజమానిని వెతుక్కుంటూ ఆయన బావమరిది వచ్చాడు. మేకలు దిగనేలేదు. తెల్లారేసరికి మంచానికి ఏడుపొక్కటే తక్కువ.

"ఇంకెప్పటికీ ఇంతేనా అత్తా?" అంది.

"నువ్వు చేసిందాంట్లో తప్పు లేదు. నీ వాలకంలోనే ఉంది తప్పు. నిన్ను చూస్తేనే ఎవడికైనా నడుం నొప్పి గుర్తొస్తుంది. నేనైతే చుట్టుకుంటా. నువ్వు చుట్టుకోలేవు కాబట్టి తిరగబడు. కాళ్ళు పైకి పెట్టి పడుకో. నాలుగు గుంజల మధ్య ఎవడు పడుకుంటాడు?"

ఈ మాట మంచానికి నచ్చింది. మూడోరోజు దీపాలు పెట్టే వేళకి ఒక ఊరు చేరాయి. చేతిపంపుకి కాస్త ఎడంగా, శుభ్రంగా ఊడ్చిన జాగా దొరికింది. అడుగుదామంటే మనిషి జాడ లేదు. మంచం పల్టీ కొట్టి, నాలుగు కాళ్ళూ ఆకాశంలోకి చాపి, హమ్మయ్య అనుకుంది.

దేశమంతా తిరిగిన చాపకి ఆ ఊరి ఆచారం ఒక్కటి తెలియదు. అక్కడ ఎవరైనా పోతే, వాళ్ళ మంచాన్ని తిరగేసి వీధిలో పెడతారు. తిరగేసిన మంచం కనిపిస్తే ఊరంతా వచ్చి ఏడవాలి. ఏడవనివాళ్ళ ఇంటికి రేపు ఎవరూ రారు.

నీళ్ళకొచ్చిన ఒకామె మంచాన్ని చూసింది. బిందె కింద పెట్టి, "ఓరి నాయనోయ్!" అని మొదలుపెట్టింది. ఆ కేకకి తలుపులన్నీ తెరుచుకున్నాయి. క్షణంలో ఊరు ఊరంతా మంచం చుట్టూ చేరింది.

"ఎవరే పోయింది?" అని అడిగింది పక్కింటామె, అప్పటికే కళ్ళు ఒత్తుకుంటూ.

"తెలీదొదినా."

"తెలీకుండానే ఏడుస్తున్నావా?"

"తెలిసేదాకా ఆగితే ఆలస్యంగా ఏడిచిందంటారు."

అదీ నిజమేనని ఆమె కూడా అందుకుంది. "ఏనాడూ ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదే!" అని ఒకాయన గుండె బాదుకున్నాడు. ఇంకొకాయన అనుమానం వచ్చి తన ముక్కు కింద వేలు పెట్టి చూసుకున్నాడు. కండువా వేసుకున్న ఊరి పెద్దమనిషి ముందుకొచ్చి, పోయిందెవరో పొద్దున చూసుకోవచ్చని, ముందు ఏడుపు కానివ్వమని, పాడెకి వెదుళ్ళు కొట్టుకురావడానికి నలుగుర్ని పురమాయించానని చెప్పాడు.

పాపం మంచం! పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి ఒంటి మీద బరువు లేదు. నులక సడలి, నిద్ర అంచుదాకా వచ్చింది. రాగానే ఎవరో ఒకరు "ఓయమ్మో" అనేవారు. నిద్ర ఎగిరిపోయేది. మళ్ళీ వచ్చేది, మళ్ళీ ఎగిరిపోయేది. చాప సిగ్గుతో తనలో తాను ఇంకో చుట్టు చుట్టుకుంది.

అప్పుడే సున్నాలు వేసే మనిషి ఆ ఊళ్ళోకి వచ్చాడు. మంచాన్ని వెతుక్కుంటూ మూడురోజులుగా తిరుగుతున్నాడు. అది లేక ఆయనకీ కంటిమీద కునుకు లేదు. కళ్ళు ఎర్రబడి, మనిషి తూలుతున్నాడు. గుంపులోంచి తొంగిచూశాడు.

"అది నా మంచం!" అన్నాడు.

ఏడుపు ఒక్కసారిగా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో మంచానికి నిద్ర పట్టేసింది.

"నీదేనా?" అన్నాడు పెద్దమనిషి.

"నాదేనండీ. ఆ కాలికి మేకు కొట్టింది నేనే."

"అయితే పోయింది నువ్వేనన్నమాట."

"అదేంటండీ! నిలబడి మాట్లాడుతున్నాను కదా."

"నువ్వు నిలబడి ఏం లాభం నాయనా? మంచం తిరగబడి ఉంది."

అందరూ తలలూపారు. "పాపం, ఆయనకే తెలీదు," అంది బిందె ఆమె, ముక్కు చీదుకుంటూ.

పెద్దమనిషికి జాలేసింది. "బతకాలనుంటే ఒకటే దారుంది. మంచం సరిగ్గా వాల్చి, మా అందరి ముందూ దాని మీద పడుకో. మేం ఇళ్ళకి పోతాం. లేదంటే తెల్లారగానే నిన్ను మొయ్యాలి. ఊరందరం చూశాం కాబట్టి తప్పదు."

ఆయనకి కావలసిందీ అదే. గబగబా వెళ్ళి, తిరగేద్దామని మంచం కాలు పట్టుకున్నాడు. చేతికి ఏదో సన్నగా అదురు తగిలింది. వంగి చెవి ఆనించాడు. కిర్... కిర్... అంటూ, మెల్లగా, తెరలు తెరలుగా వస్తోంది.

గురక అంటే ఎలా ఉంటుందో ఆయన ఎన్నడూ వినలేదు. తనదే కాబట్టి వినే వీలు లేకపోయింది. అయినా పోల్చుకున్నాడు. ఇన్నేళ్ళూ ఇది పడుకోలేదన్న సంగతి అప్పుడు తెలిసింది. తెలిసేసరికి సిగ్గేసింది. కాలు వదిలేశాడు.

"సరేనండీ, పోయింది నేనే," అన్నాడు. "కాస్త మెల్లగా ఏడవండి. అది నిద్రపోతోంది."

పోయినవాడే అడిగాక ఎవరు కాదంటారు! ఊరంతా నోళ్ళకి కొంగులూ కండువాలూ అడ్డం పెట్టుకుని గుసగుసగా ఏడ్చింది. ఆయన మంచం పక్కన వట్టి నేల మీద పడుకున్నాడు.

"పోయినా సరే, తల ఎత్తువైపు పెట్టుకోవయ్యా," అని గొణిగింది చాప. ఆయన అలాగే పెట్టుకున్నాడు.

ఎండ పొడిచాక మంచం నిద్ర లేచింది. ఒళ్ళు విరుచుకుని, పల్టీ కొట్టి నాలుగు కాళ్ళ మీద నిలబడింది. అవతల సున్నాలు వేసే మనిషి నోరు తెరుచుకుని పడుకుని ఉన్నాడు. నేల మీద కాబట్టి దొర్లడానికి హద్దు లేక చాలా దూరం దొర్లాడు. ఎండ ఆయన మొహం మీద పడుతోంది.

మంచం నాలుగడుగులు వేసి, కాళ్ళు ఆయనకి తగలకుండా, ఆయన మీదుగా నిలబడింది.

వెదుళ్ళు పట్టుకుని నలుగురూ వచ్చారు. వెనకే పెద్దమనిషి వచ్చాడు. మంచం సరిగ్గానే ఉంది. దాని మీద మనిషి లేడు. కింద ఉన్నాడు, గురక పెడుతున్నాడు. పెద్దమనిషి చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. మనిషి మంచం కింద ఉంటే ఏం చెయ్యాలో ఆచారంలో ఎక్కడా లేదు. వెదుళ్ళు దించమని సైగ చేశాడు.

చాప చుట్టుకుని సిద్ధంగా ఉంది.

"చల్లగా ఉన్నప్పుడే నడక మొదలెట్టాలి అల్లుడూ. నీ నిద్ర నీకయింది. ముందు బోలెడు దేశం ఉంది."

"కాసేపాగు చాపత్తా. ఎండ తగులుతోంది."

"లేచాడంటే మళ్ళీ నీ మీదికే ఎక్కుతాడు."

"నిద్రపోతున్నాడు. మెల్లగా మాట్లాడు."

చాప చుట్టు విప్పుకుని అక్కడే పరుచుకుంది. పొద్దెక్కింది. ఎండ జరిగినకొద్దీ, మంచం ఒక్కో కాలే ఎత్తి, చప్పుడు కాకుండా పక్కకి పెడుతూ వచ్చింది.